కొసల నుంచి మొదలు

ఆరేళ్లు నా నెత్తి మీద
నెలకోసారి మిషన్ తిరిగింది.
బడి నిబంధన: వేలి మందం దాటకూడదు వెంట్రుక.
ఆఖరి పరీక్ష రాసిన మధ్యాహ్నం
కుమాసీ వీధిలో, ఒపోకు సెలూన్ ముందు నుంచి
కుర్చీకేసి చూడకుండా నడిచొచ్చేశాను.

ఐదో నెలకి
తల మీద ఎవరో అద్దెకు దిగారు.
దిండు మీద నాకంటే ముందు లేస్తారు,
తలుపులో నాకంటే ముందు దూరతారు,
చినుకు పడితే ఇంకో చుట్టు ఉబ్బుతారు,
హర్మటాన్ గాలికి దుమ్ము పట్టి
కొబ్బరిపీచులా గరగరమంటారు.

పొడి జుట్టు మీదే దువ్వెన వేశాను.
రెండు పళ్లు విరిగి లోపలే ఉండిపోయాయి.
ఒకటి ఇప్పటికీ దొరకలేదు.
"అక్కా, అందులో కోడిని పొదగేయొచ్చు,"
అన్నాడు తమ్ముడు ఓసెయ్, బంతి తన్నుకుంటూ.

ఒపోకు దగ్గరికే వెళ్లాను చివరికి.
బోర్డు మీద పద్నాలుగు తలలు, పక్కన అంకెలు,
అన్నిటికీ ఒకే మనిషి ముఖం.
నన్ను చూడగానే మిషన్ ప్లగ్గు పెట్టబోయాడు.
వద్దన్నాను. దీన్నేం చెయ్యాలో చెప్పమన్నాను.
చాలాసేపు చుట్టూ తిరిగి చూశాడు,
అమ్మేసిన స్థలంలో మేడ లేచినట్టు.
"నీ తల నుంచి నేను ఊడ్చిందంతా అతికిస్తే
నడుం దాకా వచ్చేది, సెర్వా.
తీసెయ్యడం వరకే నాకు తెలుసు.
ఉన్నదాన్ని ఏం చెయ్యాలో ఎవరూ నేర్పలేదు."
వెళ్తుంటే నీళ్లు చిమ్మే సీసా చేతిలో పెట్టాడు,
రేపు తెచ్చెయ్ అంటూ.
ఇంకా ఇవ్వలేదు.

ఒకసారి గుడ్డు రాసి వేణ్ణీళ్లు పోశాను.
నెత్తి మీద అట్టు అయింది.
ఇంకోసారి ఆరకముందే మెలికలు విప్పాను,
పొగమబ్బు ఒకటి నాతో చర్చికొచ్చింది.

తర్వాత తర్వాత తెలిసింది:
పసుపు డబ్బాలోని చన్నీళ్లు చాలు,
అరచేతిలో కరిగేదాకా రుద్దిన షియా వెన్న చాలు,
ఆ పొగ వాసన రెండు రోజులు దిండుకి ఉంటుంది.
తలని నాలుగు వాటాలు చేశాను,
అన్నదమ్ములు పొలం పంచుకున్నట్టు.
ఎడమ వెనక వాటాతో ఎప్పుడూ తగువే.
ముందు వేళ్లు. దువ్వెన తర్వాత.
కొస దగ్గర పట్టుకుని కిందికి,
ఇంకాస్త పైనుంచి కిందికి.
లాగితే చిక్కు బిగుసుకుంటుంది,
బతిమాలితే తన కథ చెప్పి వెళ్లిపోతుంది.
మొదళ్లు చేరేసరికి
పక్కింటి రేడియోలో రెండు మ్యాచ్‌లు అయిపోయాయి.

అమ్మ ఇదంతా గుమ్మంలోంచి చూసేది.
బజారులో బట్టలమ్మే అమ్మకి
గోడమేకులకి మూడు విగ్గులు:
పనిరోజులది, చర్చిది, చావులది.
వాటి కింద ఏముందో
వెలుగులో నేనెప్పుడూ చూడలేదు.

ఆ ఆదివారం కరెంటు పోయింది.
చర్చిది తీసి మేకుకి తగిలించి
అమ్మ పీట లాక్కుంది,
నా మోకాళ్ల మధ్య వచ్చి కూర్చుంది.
"కొంచెమే ఉంది," అంది,
అప్పుకి గడువు అడిగే గొంతుతో.

నుదుటి అంచున, చెవుల మీద,
ఏళ్ల తరబడి మందు కాల్చిన చోట
చంటిపిల్ల తలలా పలచన.
నడినెత్తిన మాత్రం దట్టంగా, మొండిగా,
నా ఎడమ వెనక వాటా
అచ్చం అలాగే.

నీళ్లు చిమ్మగానే మెడ ముడుచుకుంది.
"నొప్పెడితే చెప్పు," అన్నాను.
"నొప్పెట్టకుండా దువ్వడం కూడా ఉంటుందా?" అంది.

కొసల దగ్గర పట్టుకున్నాను.
మూడో వాటా విప్పుతుండగా
ఆమె తల నా మోకాలి మీద
మెల్లగా బరువెక్కింది.